చెవి మిషన్: అలవాటయ్యేది ఏది, సరిచేయించాల్సింది ఏది

చెవి మిషన్ కొత్తగా తీసుకున్నవాళ్లు దాదాపు ప్రతిచోటా వినే మాట ఒకటుంది: "నాలుగు రోజులు పెట్టుకోండి, అదే అలవాటైపోతుంది." ఈ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. దాన్ని పట్టుకుని చెవి ఒరుసుకుపోతున్నా, స్టీలు గ్లాసు కిందపడితే గుండె అదిరిపోతున్నా ఓర్చుకుని, చివరికి విసుగొచ్చి మిషన్‌ను బీరువాలో పెట్టేసేవాళ్లు చాలామంది. ఇందుకు పూర్తిగా ఎదురు తత్వం వాళ్లూ ఉన్నారు. మూడోరోజుకే "అంతా గోల, నాకిది పడదు" అని తేల్చేసి, ఇంకో నెల ఆగితే తగ్గిపోయే ఇబ్బందికి భయపడి వదిలేస్తారు. కారణాలు వేరైనా మిషన్లు మాత్రం బీరువాలో ఒకే అరలోకి చేరతాయి.

కొత్త మిషన్‌తో వచ్చే ఇబ్బందులు అన్నీ ఒక జాతివి కాకపోవడమే ఇక్కడి చిక్కు. కొన్నింటిని మెదడు తనంతట తానే సర్దుకుంటుంది. కొన్ని ఏళ్ల తరబడి పెట్టుకున్నా పోవు. వినికిడిని పరీక్షించి మిషన్‌ను సర్దే నిపుణుడు, అంటే ఆడియాలజిస్ట్, సెట్టింగ్ మారిస్తేనో, చెవిలో అమర్చే మోల్డ్ మారిస్తేనో పోతాయి. ఇంకొన్నింటిని ఎంత ఖరీదైన మిషనూ తీర్చలేదు. వాటికి కూర్చునే చోటును, మాట్లాడే తీరును మార్చుకోవడమే దారి. ఏ ఇబ్బంది ఏ జాతిదో గుర్తుపట్టగలిగితే మొదటి రెండు మూడు నెలల్లో చేయాల్సిన పనిలో ముప్పాతిక వంతు అయిపోయినట్టే. "అలవాటైపోతుంది" అన్న మాట మొదటి జాతికి ధైర్యం, రెండో జాతికి దాటవేత, మూడో జాతికి ఉత్త ఆశ.

వినపడుతుంది కానీ అర్థం కాదు

వయసుతో వచ్చే వినికిడి లోపం మెల్లగా, మనిషికి తెలియకుండా వస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. వాటిలో 3,500 దాకా శబ్దాన్ని నరానికి అందించేవి, మిగతా 12 వేలు సన్నని శబ్దాలకు లోపలే బలం చేకూర్చేవి. మనుషుల్లో ఇవి ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. ముందుగా దెబ్బతినేవి కాక్లియా మొదట్లో ఉండి, ఎక్కువ పౌనఃపున్యం ఉన్న కీచు శబ్దాలను పట్టుకునే కణాలు. కింది స్థాయి శబ్దాలను, అంటే తక్కువ పౌనఃపున్యం ఉన్న బొంగురు శబ్దాలను, పట్టుకునేవి చాలాకాలం బాగానే పనిచేస్తాయి. అందుకే తలుపు చప్పుడు, లారీ మోత, మగవాళ్ల బొంగురు గొంతు వినపడుతూనే ఉంటాయి. "నాకు చెవుడేంటి, అన్నీ వినపడుతుంటే" అన్న వాదన పుట్టేది ఇక్కడే.

మాటలో అచ్చుల బలం కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. స, శ, చ, త, ప, క లాంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే ఆనవాళ్లు చాలావరకు పైన ఉంటాయి. 'స' శబ్దపు శక్తిలో ఎక్కువ భాగం 4,000 హెర్ట్జ్‌కు పైమాటే. కాబట్టి అచ్చులు నిలిచి హల్లులు జారిపోతాయి. పాలు కాలవుతుంది, తప్పు పప్పవుతుంది. తెలుగులో ఇంతకన్నా ఇరకాటం క్రియల దగ్గర వస్తుంది. "ఇచ్చాడు", "ఇస్తాడు" అనే మాటల్లో జరిగిపోయిందా, జరగబోతోందా అన్న తేడా మొత్తం మోసేది మధ్యలోని ఆ 'చ్చ', 'స్త'లే. అవి రెండూ బలహీనమైన, పైస్థాయి శబ్దాలు. వచ్చాడు, వస్తాడు, తెచ్చాడు, తెస్తాడు అన్నీ ఇంతే. చెవి మందగించిన పెద్దాయన డబ్బు ముట్టిందనుకుని ఊరుకుంటే, కొడుకు మాత్రం రేపు ఇస్తాడనే చెప్పి ఉంటాడు. ఇలాంటి పొరపాట్లను ఇంట్లో మతిమరుపు ఖాతాలోనో, మొండితనం ఖాతాలోనో రాసేస్తారు.

మిషన్ పెట్టుకోగానే పోయిన ఆ పైస్థాయి శబ్దాలన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. హల్లులు మాత్రమే రావు, వాటితో పాటు ఫ్యాను గాలి, చెప్పుల సర్రుమనే చప్పుడు, పేపరు మడత, కుళాయి ధార, ఫ్రిజ్ మోత, పక్కింటి కుక్కర్ కూత కూడా వస్తాయి. మామూలు చెవి ఉన్నవాళ్లకూ ఇవన్నీ వినపడుతూనే ఉంటాయి. అక్కర్లేదని మెదడు వాటిని పక్కకు నెట్టేస్తుంది కాబట్టి వాళ్లు గమనించరు. ఏళ్ల తరబడి ఆ శబ్దాలే అందని మెదడుకు ఏది పనికొచ్చేదో, ఏది కాదో వేరుచేసే పని తప్పిపోతుంది. కొత్తలో దానికి చేట చప్పుడూ, కోడలి మాటా ఒకే వరసలో వచ్చి నిలబడతాయి. ఈ గోల నిజంగానే అలవాటయ్యేది. కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతుంది, కొందరికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు.

అయితే రోజులు గడిచినంత మాత్రాన మెదడు నేర్చుకోదు. మిషన్ చెవిలో ఉన్న గంటలే లెక్కకొస్తాయి. రోజుకు రెండు మూడు గంటలతో మొదలుపెట్టినా ఒకటి రెండు వారాల్లో మేలుకుని ఉన్నంతసేపూ పెట్టుకునే స్థితికి రావడం మంచిది. నేటి డిజిటల్ మిషన్లు రోజుకు ఎన్ని గంటలు వాడారో తమలోనే నమోదు చేసుకుంటాయి. "రోజంతా పెట్టుకుంటున్నానండీ" అని చెప్పినా కంప్యూటర్‌కు కలపగానే ఆడియాలజిస్ట్‌కు అసలు సంగతి తెలిసిపోతుంది.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు మిషన్‌ను పట్టుచీరలా దాచి వాడటం. ఇంట్లో ఉన్నప్పుడు ఎందుకని తీసేసి, పెళ్లికో పేరంటానికో వెళ్లేటప్పుడు పెట్టుకుంటారు. కల్యాణ మండపం అంటే మేళం, మైకు, వందల మంది మాటలు, ప్రతిధ్వనించే గోడలు. వినికిడి సరిగ్గా ఉన్నవాళ్లే చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడుకునే చోటు అది. ఏ అభ్యాసమూ లేకుండా తిన్నగా అక్కడ పరీక్ష పెడితే మిషన్ తప్పకుండా ఓడిపోతుంది. క్రమం దీనికి తలకిందులుగా ఉండాలి. ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క మనిషితో మాట. తర్వాత టీవీ, తర్వాత ముగ్గురు నలుగురు కూర్చున్న భోజనాల వేళ, ఆపైన వీధి, కూరగాయల బజారు. పెళ్లి అన్నిటికన్నా ఆఖరున. పేపరును తనలో తాను కాకుండా పైకి చదువుకోవడం మొదటి వారంలో మంచి సాధన. వినపడే మాట ఏమిటో కంటికి ముందే తెలుస్తుంది కాబట్టి కొత్త శబ్దాన్ని పాత అక్షరంతో ముడిపెట్టడం మెదడుకు తేలికవుతుంది.

సాయంత్రానికి తల బరువెక్కి, అలసట రావడం కూడా కొత్తలో సహజమే. ఓ అరగంట తీసి పెట్టి, మళ్లీ పెట్టుకుంటే సరిపోతుంది.

సొంత గొంతు బొంగురుపోతే

చుట్టుపక్కల గోల తర్వాత ఎక్కువ మంది చెప్పే ఫిర్యాదు సొంత గొంతు గురించే. గొంతులో పుట్టిన కంపనం గాలిలోకే కాదు, దవడ, పుర్రె ఎముకల మీదుగా చెవి గొట్టపు గోడల్లోకి కూడా వస్తుంది. గొట్టం తెరిచి ఉంటే ఆ బొంగురు శక్తి బయటకు పోతుంది. మోల్డ్‌తో బిగించి మూస్తే అది లోపలే చిక్కుకుని కర్ణభేరిని తాకుతుంది. మిషన్ లేనివాళ్లు కూడా దీన్ని చూడొచ్చు: రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని "ఈ", "ఊ" అని దీర్ఘంగా అంటే తల మోగుతుంది, "ఆ" అంటే అంత మోగదు. నమిలేటప్పుడు జంతికలు, అప్పడాలు చెవిలోనే విరుగుతున్నట్టు అనిపించడానికీ కారణం ఇదే.

ఇది మెదడుకు వదిలేయాల్సిందా, సరిచేయించుకోవాల్సిందా అని తేల్చడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మిషన్ చెవిలోనే ఉంచి ఆఫ్ చేసి మాట్లాడాలి. అప్పుడూ గొంతు బొంగురుగానే మోగితే తప్పు చెవి మూసుకుపోవడంలో ఉంది. మోల్డ్‌లో గాలి రంధ్రం పెద్దది చేయడమో, మూసి ఉండే రబ్బరు టిప్ బదులు రంధ్రాలున్న టిప్ వేయడమో పరిష్కారం. ఆఫ్ చేయగానే మోత పోతే తప్పు సెట్టింగ్‌లో ఉంది, కింది స్థాయి శబ్దాలకు మిషన్ ఎక్కువ బలం ఇస్తోందన్నమాట. ఈ ఒక్క పరీక్ష చేసి చెప్పగలిగితే ఆడియాలజిస్ట్‌కు సగం పని తగ్గుతుంది. లోపం తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్రం చెవిని తెరిచి ఉంచే వీలు తక్కువ. రంధ్రం పెరిగితే శబ్దం బయటకు కారిపోయి మిషన్ కూస్తుంది. వాళ్లు కొంత రాజీ పడక తప్పదు.

మిషన్ పెట్టుకున్న కొన్నాళ్లకు మనిషి గొంతు తగ్గిస్తాడు. ఇన్నేళ్లూ ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి ఇప్పుడే వినపడుతుంది మరి. దీన్ని మొదట గమనించేది సాధారణంగా ఇంట్లోవాళ్లు.

ఓర్చుకోకూడనివి

"గట్టిగా చెప్పు" అంటారు, గట్టిగా చెప్తే "ఎందుకలా అరుస్తావ్?" అంటారు. ముసలివాళ్ల చాదస్తమని నవ్వుకునే ఈ మాట వెనుక శరీర ధర్మం ఉంది. రోమకణాలు దెబ్బతిన్న చెవికి సన్న శబ్దాలు అసలు వినపడవు. పెద్ద శబ్దాలు మాత్రం మామూలు చెవికి ఎంత గట్టిగా వినపడతాయో ఇంచుమించు అంతే గట్టిగా వినపడతాయి. అంటే వినపడటం మొదలయ్యే స్థాయికీ, భరించలేని స్థాయికీ మధ్య ఉండాల్సిన జాగా కుదించుకుపోతుంది. మంచి మిషన్ అన్ని శబ్దాలనూ సమానంగా పెంచదు. సన్నవాటిని బాగా, మధ్యస్థంగా ఉన్నవాటిని కొద్దిగా పెంచి, పెద్దవాటిని దాదాపు ఉన్నవాటిని ఉన్నట్టే వదులుతుంది. పైన ఒక హద్దు గీసి దాన్ని దాటనివ్వదు.

ఆ హద్దు ఒక్కో చెవికి ఒక్కోచోట ఉంటుంది. స్టీలు కంచాలు తగిలినప్పుడు, కుక్కర్ కూసినప్పుడు, బస్సు హారన్ మోగినప్పుడు నొప్పిగా అనిపిస్తే, చెయ్యి తనంతట తాను చెవి దగ్గరికి వెళ్తుంటే, హద్దు తప్పుగా ఉన్నట్టు. ఇది అలవాటయ్యేది కాదు, అలవాటు చేసుకోవాల్సిందీ కాదు. "చప్పుడు కాస్త కొత్తగా ఉంది" అనడానికీ, "నొప్పి పుడుతోంది" అనడానికీ మధ్య గీత గీయడం అవసరం. మొదటిదానికి గడువు ఇవ్వాలి, రెండోదానికి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. మోల్డ్ ఒరుసుకుని ఎర్రబడటం, పుండు పడటం కూడా రెండో కోవలోవే. రెండు రోజుల్లో మోల్డ్‌ను అరగదీసి సర్దగలిగే ఇబ్బందిని నెలల తరబడి మోసేవాళ్లను చూస్తే జాలి కన్నా కోపమే ఎక్కువ వస్తుంది, వాళ్ల మీద కాదు, "సర్దుకుంటుందిలే" అని పంపేసినవాళ్ల మీద.

మిషన్ కీచుమని కూయడం మరో సంగతి. చెవిలోకి వెళ్లాల్సిన శబ్దం పక్కల నుంచి కారి మళ్లీ మైకులో పడితే ఆ కూత పుడుతుంది. ఎవరినైనా కౌగిలించుకున్నప్పుడో, దిండు మీద తల ఆనించినప్పుడో క్షణకాలం కూస్తే పట్టించుకోనక్కర్లేదు. ఊరికే కూర్చున్నప్పుడు, నమిలేటప్పుడు కూస్తుంటే మోల్డ్ వదులుగా ఉందనో, సరిగ్గా కూర్చోలేదనో, చెవిలో గులిమి నిండిందనో అర్థం. గులిమి గోడలా అడ్డుపడి శబ్దాన్ని వెనక్కి కొడుతుంది. దాన్ని ఇంట్లో పుల్లలతో, పిన్నులతో తీయబోతే మరింత లోపలికి పోతుంది. ఈఎన్‌టీ డాక్టర్ చేత తీయించుకోవాలి. కూత ఆపడానికి వాల్యూమ్ తగ్గించుకుని తిరగడం పెద్ద పొరపాటు. అప్పుడు కూతతో పాటు హల్లులూ పోతాయి, మిషన్ పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది.

మొదటి సెట్టింగ్ ఆఖరిది కాదు

వినికిడి పరీక్ష గ్రాఫ్ కంప్యూటర్‌లో ఎక్కించగానే ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పెంచాలో ఒక సూత్రం లెక్కగట్టి ఇస్తుంది. ప్రపంచంలో ఎక్కువగా వాడే సూత్రాల్లో ఒకటి ఆస్ట్రేలియాలోని నేషనల్ అకౌస్టిక్ లేబొరేటరీస్ తయారుచేసిన ఎన్ఏఎల్-ఎన్ఎల్2. కొత్తగా పెట్టుకునేవాళ్లకూ, అలవాటున్నవాళ్లకూ అది వేర్వేరు లెక్కలు ఇస్తుంది. కొత్తవాళ్లకు బలం కొంత తక్కువగా మొదలుపెట్టి మెల్లగా పెంచడం కంపెనీల సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. అంటే మొదటిరోజు విన్నది ఆ మిషన్ పూర్తి సామర్థ్యం కాదు. మూడు నాలుగుసార్లు వెళ్లి సర్దించుకుంటేనే పని పూర్తవుతుంది. ఆ రాకపోకలు మిషన్ ధరలో కలిసి ఉన్నాయా, విడిగా డబ్బు కట్టాలా అన్నది కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

సూత్రం ఇచ్చే లెక్క సగటు చెవికి సరిపోతుంది. చెవి గొట్టం పొడవు, వెడల్పు మనిషికీ మనిషికీ మారుతాయి కాబట్టి అదే సెట్టింగ్ ఒకరి కర్ణభేరి దగ్గర ఒకలా, ఇంకొకరి దగ్గర ఇంకోలా చేరుతుంది. సన్నని గొట్టాన్ని మోల్డ్ పక్క నుంచి చెవిలోకి పెట్టి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పద్ధతి ఉంది. దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. అడిగితే తప్ప చేయని చోట్లు ఉన్నాయి, ఆ యంత్రమే లేని చోట్లూ ఉన్నాయి. ఖరీదైన మోడల్‌ను ఈ కొలత లేకుండా కొనడం కన్నా, మధ్యరకం మోడల్‌ను కొలిచి సర్దించుకోవడం మేలు. కొనేవాళ్లు ఛానళ్లు ఎన్ని, బ్లూటూత్ ఉందా అని అడుగుతారు గానీ కొలుస్తారా అని అడగరు.

ఫిర్యాదు చెప్పే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. "బాగాలేదు" అంటే ఆడియాలజిస్ట్ ఏ మీట తిప్పాలి? "మనవరాలి మాట అర్థం కావడం లేదు, అల్లుడి మాట అవుతోంది", "వంటింట్లో కుళాయి తిప్పితే చెవిలో గుచ్చినట్టుంది", "స్కూటర్ మీద వెళ్తుంటే గాలి హోరు" అంటే ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం ఉంది. ఫోన్‌లోనో, క్యాలెండర్ మీదో అప్పటికప్పుడు రాసుకుంటే పరీక్ష గదిలో కూర్చున్నాక మరిచిపోయే బాధ ఉండదు. అక్కడి నిశ్శబ్దంలో అన్నీ బాగానే వినపడతాయి మరి.

రెండు చెవులకూ లోపం ఉంటే రెండు మిషన్లు అవసరం. ఖర్చుకు వెరచి ఒకటే కొనడం మన దగ్గర మామూలు. కానీ శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో మెదడు తేల్చుకునేది రెండు చెవులకూ అది చేరే సమయంలో, బలంలో ఉండే తేడాతోనే. ఒక్క చెవితో రోడ్డు దాటేటప్పుడు బండి ఎటు నుంచి వస్తోందో తెలియదు, గుంపులో ఎవరు పిలిచారో తెలియదు. పైగా మిషన్ లేకుండా వదిలేసిన చెవి కాలక్రమేణా మాటను గుర్తుపట్టే శక్తిని కొంత కోల్పోతుందని పరిశోధనల్లో తేలింది. నిజంగా ఒకటే కొనగలిగితే ఏ చెవికన్నది ఆడియాలజిస్ట్‌నే అడగాలి. బాగా చెడిన చెవికే పెట్టించాలన్న నియమం లేదు.

మిషన్ చేయలేని పని

ఆరుబయట, మాట్లాడే మనిషి దూరం రెండింతలైన ప్రతిసారీ చెవికి చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో లెక్క కొంత మారినా, దూరం నుంచి వచ్చే మాటతో పాటు గోడలకు కొట్టుకుని వచ్చే ప్రతిధ్వని కలిసి మాట అలుక్కుపోతుంది. మన ఇళ్లలో నేల టైల్స్ లేదా మార్బుల్, పైన కాంక్రీటు స్లాబు, గోడలకు సున్నం. తివాచీలు, దళసరి తెరలు తక్కువ. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ లేదు. ఆ పైన ఫ్యాను. ఇలాంటి హాల్లో కూర్చున్న పెద్దావిడతో వంటింట్లోంచి మాట్లాడి, "మిషన్ పెట్టుకుని కూడా వినపడదేంటి" అంటే తప్పు మిషన్‌ది కాదు. మైకు పని చెవి దగ్గరికి చేరిన శబ్దాన్ని పెంచడమే. అలుక్కుపోయిన మాటను అది విడదీయలేదు. ముందు వైపు నుంచి వచ్చే శబ్దానికి పెద్దపీట వేసే రెండు మైకుల ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంది. అది కొంత సాయపడుతుంది, ఎదుటి మనిషి ఒకటి రెండు మీటర్ల లోపల, ఎదురుగా ఉంటేనే.

కాబట్టి అలవాటు పడాల్సింది మిషన్ పెట్టుకున్న మనిషి ఒక్కరే కాదు. ఇంట్లోవాళ్లూ పడాలి. ముందు పేరు పెట్టో, వరస పెట్టో పిలిచి, తల తిప్పాక విషయం మొదలుపెట్టాలి. ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోవాలి. అరవకూడదు, అరిస్తే అచ్చులే పెరుగుతాయి, పెదాల కదలిక వంకర పోతుంది. కొంచెం నెమ్మదిగా, మాట మాటకూ సందిచ్చి చెప్పడం అరవడం కన్నా వందరెట్లు నయం. మొదటిసారి అర్థం కాకపోతే అదే వాక్యం నాలుగుసార్లు అప్పజెప్పే బదులు వేరే మాటల్లో చెప్పాలి. అన్నిటికన్నా చేటు చేసే మాట "ఏం లేదులే". అది విన్న మనిషి తర్వాత అడగడం మానేస్తాడు.

టీవీ విషయంలో ఆశ తక్కువ పెట్టుకోవడం మంచిది. సీరియల్‌లో ప్రతి మాట కిందా సంగీతం ఉంటుంది, న్యూస్ చర్చలో నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. అక్కడ చెవి బాగున్నవాళ్లకు మాత్రం ఏం అర్థమవుతుంది! టీవీ శబ్దాన్ని నేరుగా మిషన్లకు పంపే స్ట్రీమర్ పెట్టుకుంటే గది ప్రతిధ్వని తప్పుతుంది, ఇంట్లోవాళ్ల చెవులూ బతుకుతాయి. ఫోన్ దగ్గర జరిగే పొరపాటు చిన్నదే కానీ సర్వసాధారణం. చెవి వెనుక పెట్టే మిషన్‌కు మైకు చెవి పైభాగాన ఉంటుంది. ఫోన్‌ను అలవాటుగా చెవి రంధ్రానికి ఆనిస్తే శబ్దం మైకుకు చేరదు. కాస్త పైకి జరిపి పట్టుకోవాలి, లేదా బ్లూటూత్‌తో కలపాలి. విదేశాల్లో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు వీడియో కాల్ మేలు, పెదాలు కూడా కనిపిస్తాయి.

నూనె, చెమట, మాటీలు

మిషన్‌తో వచ్చే పుస్తకంలో మన ఒంటి మీద ఉండేవాటి ప్రస్తావన ఉండదు. తలకు పట్టించిన కొబ్బరినూనె చెవి మీదకు జారి మైకు రంధ్రాలను పూడుస్తుంది, ముఖానికి రాసే పౌడర్ కూడా అంతే. తల దువ్వుకుని, నూనె ఇంకాక, అన్నీ అయ్యాక ఆఖరున మిషన్ పెట్టుకోవడం, రాత్రి అన్నిటికన్నా ముందు తీయడం మంచి పద్ధతి. బుట్టల బరువు మోయడానికి చెవి మీదుగా జుట్టులోకి వేసుకునే మాటీలు, కళ్లజోడు కాడ, మాస్కు తాడు, ఇవన్నీ చెవి వెనుక ఉన్న ఆ కాస్త జాగా కోసమే పోటీ పడతాయి. మాస్కు విప్పేటప్పుడు మిషన్ ఎగిరిపడి పోగొట్టుకున్నవాళ్లు కరోనా కాలంలో తక్కువమంది కాదు. తల మీద కప్పుకున్న కొంగు గానీ, హిజాబ్ గానీ మైకుకు రాసుకుంటే బరబరమని వినిపిస్తుంది. పల్చటి బట్ట వాడితే తగ్గుతుంది.

కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంతాల్లో ఉక్కపోతా, చెమటా మిషన్లకు పెద్ద శత్రువులు. రాత్రి పూట బ్యాటరీ తలుపు తెరిచి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టడం తప్పనిసరి. స్నానానికి, తలంటుకు, క్షవరానికి, ఎంఆర్ఐ స్కాన్‌కు తీసేయాలి. చెవిలోకి వెళ్లే కొసన గులిమి అడ్డుపడకుండా ఉండే చిన్న ఫిల్టర్‌ను ఎలా మార్చాలో మొదటిరోజే నేర్చుకుంటే, "మిషన్ చచ్చిపోయింది" అనుకునే సందర్భాల్లో చాలావాటికి ఇంట్లోనే పరిష్కారం దొరుకుతుంది.

బ్యాటరీల్లో జింక్-ఎయిర్ రకానివి గాలి తగిలితేనే పనిచేస్తాయి. స్టిక్కర్ తీసి రెండు మూడు నిమిషాలు ఆగి వేయాలి. స్టిక్కర్ మళ్లీ అంటించినా ఆయుష్షు మిగలదు, ఫ్రిజ్‌లో దాచినా తేమ పట్టి చెడుతుంది. స్టిక్కర్ రంగే సైజుకు గుర్తు: 10కి పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. చదువు రానివాళ్లూ రంగు చూపించి కొనుక్కోవచ్చు. చేతివేళ్లు వణికే వయసులో అంత చిన్న బిళ్లను మార్చడం కష్టం కాబట్టి ఛార్జింగ్ మిషన్లు నయమంటారు. అయితే కరెంటు కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో ఈ సంగతి ఆలోచించాలి. ఏ బ్యాటరీ అయినా చిన్నపిల్లలకు అందకూడదు. మింగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చేతికి అందడం ఒకటి, చెవికి అమరడం ఒకటి

అవసరమైనవాళ్లలో 17 శాతం మందే వినికిడి మిషన్లు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది. ధర ఒక పెద్ద అడ్డంకి. దాన్ని దాటించే పథకాలు ఉన్నాయి. పేద వృద్ధులకు సహాయ ఉపకరణాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మొదలైంది నెల్లూరులోనే. అందులో వినికిడి మిషన్లు కూడా ఉన్నాయి. వికలాంగులకు ఇలాంటి ఉపకరణాలే ఇచ్చే అడిప్ పథకం ఉంది. ఈ ఉపకరణాలు తయారుచేసే కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో ద్వారా ఇవి శిబిరాల్లో అందుతాయి. శిబిరం ఒకరోజులో ముగుస్తుంది, అమరికకు నెలలు పడుతుంది. ఉచితంగా వచ్చిన మిషన్ పెట్టెలోనే ఉండిపోవడానికి అసలు కారణం ఈ తేడాయే. మిషన్ శిబిరంలో తీసుకున్నా, సర్దించుకోవడానికి హైదరాబాద్ కోఠిలో, విశాఖలో ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులకో, వినికిడి లోపాల కోసం ఉన్న జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్‌కు సికింద్రాబాద్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రానికో వెళ్లడం మంచిది. ప్రైవేటుగా వెళ్తే ఎదుటి వ్యక్తికి ఆడియాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు.

అమెరికా నుంచి పిల్లలు పంపే మిషన్లది ఇంకో కథ. అక్కడ 2022 అక్టోబర్ నుంచి డాక్టర్ చీటీ, పరీక్ష లేకుండానే దుకాణంలో మిషన్లు కొనే వీలు కల్పించారు. అవి కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపం ఉన్న పెద్దవాళ్ల కోసం ఉద్దేశించినవి. 80 ఏళ్ల తండ్రి లోపం తరచూ ఆ హద్దు దాటి ఉంటుంది. ప్రేమతో పంపింది కాబట్టి బాగాలేదని చెప్పడానికి ఆయనకు మొహమాటం. అక్కడి క్లినిక్‌లో కొన్న మంచి రకం మిషన్ అయినా, ఇక్కడ దాన్ని సర్దే సాఫ్ట్‌వేర్, వారంటీ దొరుకుతాయా అన్నది ముందే కనుక్కోవాలి.

మతిమరుపు వ్యాధి భయం చూపి మిషన్లు అమ్మే ప్రకటనలు ఈ మధ్య పెరిగాయి. వినికిడి లోపానికీ డిమెన్షియాకూ సంబంధం ఉన్న మాట నిజమే. కానీ అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్న 977 మందిని మూడేళ్లు గమనించి 2023లో ప్రచురించిన అచీవ్ అధ్యయనంలో, మొత్తం అందరినీ కలిపి చూస్తే మిషన్ వల్ల మెదడు క్షీణతలో తేడా కనిపించలేదు. ముందునుంచే ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం క్షీణత 48 శాతం తగ్గింది. మిషన్ కొనడానికి మనవడి మాట అర్థం కావడం చాలినంత కారణం. భయం అక్కర్లేదు.

బాగా అలవాటైన మిషన్ కొన్నాళ్లకు మళ్లీ "సరిగ్గా వినపడట్లేదు" అనిపించొచ్చు. ముందు బ్యాటరీ, ఫిల్టర్, గులిమి చూడాలి. అవి బాగుంటే వినికిడే ఇంకొంత తగ్గి ఉండొచ్చు. ఏడాదికోసారి పరీక్ష చేయించి కొత్త గ్రాఫ్ ప్రకారం సెట్టింగ్ మార్పించాలి. ఒక్క సందర్భంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఒక చెవి ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మూగబోతే, దాంతో పాటు తల తిరుగుడు, హోరు ఉన్నా లేకపోయినా, అది మిషన్ సమస్య కాదు. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి, ఎందుకంటే ఆ రకం చెవుడుకు ఇచ్చే స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం ఇస్తాయి.